దోమకొక అణా

1897 ఆగస్టు 16. సికింద్రాబాదు పక్కన బేగంపేటలోని పటాలపు ఆసుపత్రి. మంచం చుట్టూ దోమతెర కట్టారు. మంచం మీద హుస్సేన్ ఖాన్ అనే రోగి పడుకుని ఉన్నాడు. ఒంట్లో మలేరియా. దోమతెర కట్టేది దోమలు లోపలికి రాకుండా. ఆ రోజు కట్టింది లోపలున్నవి బయటికి పోకుండా. సీసా మూత తీసి, రెక్కల మీద మచ్చలున్న గోధుమరంగు దోమల్ని తెరలోకి వదిలారు. హుస్సేన్ ఖాన్ చెయ్యి విదల్చకూడదు, గోక్కోకూడదు. అవి కడుపు నింపుకునేదాకా కదలకుండా పడుండాలి. అందుకు కూలి, కుట్టిన దోమకొక అణా.

ఇదంతా చూస్తున్న మనిషి సర్జన్ మేజర్ రొనాల్డ్ రాస్. నలభై ఏళ్లవాడు. మన దేశంలోనే, అల్మోరాలో పుట్టాడు. కవిత్వమన్నా లెక్కలన్నా ప్రాణం. సైన్యంలో జనరల్ అయిన తండ్రి పట్టుదల వల్ల వైద్యం చదివాడు. 1894లో లండన్‌లో పాట్రిక్ మాన్సన్ మైక్రోస్కోపు కింద మలేరియా క్రిమిని చూపించేదాకా ఆయనకు ఆ క్రిమి ఉందన్న నమ్మకమే లేదు. చూశాక మరో ధ్యాస లేకుండా పోయింది. 1895లో సికింద్రాబాదు చేరిన దగ్గర్నుంచి దోమల్ని కోయడమే పని.

మాన్సన్ మాటకు అంత బరువెందుకంటే, 1877లో చైనాలోని అమోయ్ రేవులో బోదకాలు పురుగు దోమ ఒంట్లో పెరుగుతుందని నిరూపించింది ఆయనే. అందుకాయన ఆ పురుగు ఒంట్లో ఉన్న తన తోటమాలినే దోమల మధ్య పడుకోబెట్టాడు. అయితే ఒక చోట మాన్సన్ లెక్క తప్పింది. దోమ నీళ్లలో పడి చస్తే, ఆ నీళ్లు తాగినవాళ్లకు జబ్బు వస్తుందనుకున్నాడు. రాస్ అదీ పరీక్షించాడు. మలేరియా రోగుల్ని కుట్టిన దోమలు చచ్చిపడిన నీళ్లను లచ్మన్ అనే కుర్రవాడి చేత తాగించాడు. కొద్దిరోజులకు అతనికి జ్వరమైతే తగిలింది గానీ, రక్తంలో క్రిమి కనపడలేదు.

రెండేళ్లపాటు రాస్ కోసినవన్నీ బూడిదరంగు దోమలు, చారల దోమలు. మనిషికొచ్చే మలేరియాను అవి మొయ్యవు. ఆ సంగతి అప్పటికి లోకంలో ఎవరికీ తెలియదు. ఆగస్టు నడుమ సహాయకుడొకడు పట్టితెచ్చిన పిల్లపురుగులు సీసాలో రెక్కలు తొడిగి, మచ్చల రెక్కల దోమలుగా బయటపడ్డాయి. హుస్సేన్ ఖాన్‌ను కుట్టినవి అవే. ఈనాడు మనం ఎనాఫిలిస్ అంటున్న జాతి.

తర్వాతి నాలుగు రోజులు ఆ గదిలో ఎలా గడిచాయో రాస్ తన స్వీయచరిత్రలో రాసుకున్నాడు. పంఖా లాగితే కోసిపెట్టిన దోమ ముక్కలు ఎగిరిపోతాయని పంఖా ఆపించేశాడు. ఆ ఉక్కలో కళ్ల చుట్టూ, చెవుల చుట్టూ ఈగలు ముసిరేవి. నుదుటి మీది చెమట, చేతుల చెమట తగిలి మైక్రోస్కోపు మరలు తుప్పుపట్టాయి. దాని కంటి అద్దాల్లో మిగిలిన ఒక్కటి కూడా చిట్లింది. దోమలు ఒక్కొక్కటే చస్తున్నాయి. కొన్నిటిని కోసి చూశాడు, ఏమీ లేదు.

ఆగస్టు 20 మధ్యాహ్నం. చేతిలో మిగిలిన దోమలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. వాటిలో ఒకదాన్ని బల్ల మీద పరిచి, కణం కణం వెతుక్కుంటూ పోయాడు. అన్నీ అయ్యాయి, జీర్ణకోశం ఒక్కటే మిగిలింది. ఒళ్లు అలిసిపోయింది. అప్పటికి ఎన్ని వందల దోమల కడుపులు చూశాడో! ఇదొక్కటి వదిలేసి లేచిపోతే అడిగేవాడు లేడు. లేవలేదు. అద్దం కింద జీర్ణకోశపు గోడలో గుండ్రటి గీత ఒకటి కనపడింది. దోమ కణాలు అంత గుండ్రంగా ఉండవు. పరీక్షగా చూస్తే లోపల నల్లటి రేణువులు. మలేరియా రోగి రక్తంలో రోజూ చూసే రంగురేణువులే అవి.

మర్నాడు, 21న, ఆఖరి దోమను కోశాడు. అందులోనూ అవే గుండ్రటి కణాలు, ముందురోజు వాటికన్నా పెద్దవి. అంటే దోమ కడుపు గోడకు అంటుకుని క్రిమి పెరుగుతోంది! ఆ సంగతి 1897 డిసెంబరు 18న బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. సెప్టెంబరులోనే ఆయన్ని రాజపుతానాలోని ఖేర్వాడాకు బదిలీ చేశారు. అక్కడ మలేరియా అంతగా లేదు. 1898లో కలకత్తా చేరి, పిట్టల మలేరియా మీద పనిచేసి, కడుపులో పెరిగిన క్రిమి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరుతుందని తేల్చాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. బేగంపేటలో ఆ భవనం ఆయన పేరనే ఉంది. ఏటా ఆగస్టు 20న ప్రపంచ దోమల దినం జరుపుతారు.

నన్నడిగితే, ఆ రోజున తలుచుకోవలసిన పేర్లలో హుస్సేన్ ఖాన్ పేరు కూడా ఉండాలి. ఈ కథలో ఒంటిని పణంగా పెట్టినవాడు ఆయనే.

రాస్ చూసిన ఆ కడుపే ఇప్పటికీ అసలు యుద్ధరంగం. ఎందుకో చెబుతాను. మలేరియా రోగిని కుట్టినప్పుడు దోమ కడుపులోకి క్రిముల విత్తనరూపాలు వందల్లో, ఒక్కోసారి వేలల్లో పోతాయి. అక్కడ ఆడా మగా కలిసి, కడుపు గోడను తొలుచుకుని అవతలి వైపుకు చేరాలి. ఆ ప్రయాణంలో దాదాపు అన్నీ చస్తాయి. చాలా దోమల్లో చివరికి మిగిలేవి నాలుగో అయిదో. రాస్ కంటపడ్డ గుండ్రటి కణాలు ఇవే. కానీ ఆ ఒక్కొక్క కణం పగిలితే వేల క్రిములు పుట్టి లాలాజలంలోకి పోతాయి. మనిషి ఒంట్లో కోట్లుగా ఉండే శత్రువు, దోమ కడుపులో మాత్రం నలుగురైదుగురుగా దొరుకుతాడు. దెబ్బ కొట్టాలంటే అదే చోటు.

సరిగ్గా ఆ చోటే మరో కాపురం కూడా ఉంది. మన పేగుల్లో ఉన్నట్టే దోమ పేగులోనూ బాక్టీరియా ఉంటుంది. దోమ రక్తం తాగిన ఒకటి రెండు రోజుల్లో అది వందల రెట్లు పెరుగుతుంది. మలేరియా క్రిమి బలహీనంగా ఉండేదీ ఆ ఒకటి రెండు రోజులే. ఆ బాక్టీరియాకు క్రిమిని చంపే మందు తయారుచేయడం నేర్పితే?

మా బందరు, కృత్తివెన్ను, నాగాయలంక వైపు రొయ్యల రైతుకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. రొయ్య పేగులో మంచి బాక్టీరియా నిలబడితే చెడ్డది చేరదని ఆయన మేతలో ప్రోబయోటిక్ కలుపుతాడు. ఆ పద్ధతి రొయ్యను బతికించడానికి. ఇక్కడ దోమను చంపే పనే లేదు, దాని పేగులోని క్రిమిని చంపితే చాలు. దోమ కుడుతుంది, కానీ జబ్బును మొయ్యదు.

ఈ ఊహకు తొలి రుజువు దోమలో రాలేదు, నల్లిలాంటి పురుగులో వచ్చింది. సరిగ్గా రాస్‌కు నూరేళ్ల తర్వాత, 1997లో. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన రవి దుర్వాసుల, ఫ్రాంక్ రిచర్డ్స్, వాళ్లతో కలిసి బెన్ బియర్డ్ తదితరులు రాసిన వ్యాసం అది. దుర్వాసుల అన్న ఇంటిపేరు మన జిల్లాల్లో వినపడేదే. దక్షిణ అమెరికాలో చాగస్ అనే జబ్బును రోడ్నియస్ అనే రక్తం తాగే పురుగు మోస్తుంది. దాని పేగులో ఉండే బాక్టీరియాకు, ఒక పట్టుపురుగు జాతి చిమ్మట నుంచి తీసిన క్రిమినాశక జన్యువును ఎక్కించారు. ఆ బాక్టీరియాతో పెరిగిన పురుగుల్లో చాగస్ క్రిమి చాలావరకు తుడిచిపెట్టుకుపోయింది. ఆ పురుగు పిల్లలు పెద్దవాటి మలం తిని బాక్టీరియాను సంపాదించుకుంటాయి. అందుకని గోరుచిక్కుడు గింజల జిగురులో నల్లసిరా కలిపి, మలంలా కనపడే ముద్ద చేసి, అందులో ఈ కొత్త బాక్టీరియాను పెట్టారు. ప్రయోగశాల నుంచి పల్లె గుడిసె గోడదాకా పోయే దారిని అంత వివరంగా ఆలోచించిన శాస్త్రజ్ఞులంటే నాకు గౌరవం.

తర్వాత వంతు దోమది. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో మార్సెలో జేకబ్స్-లొరెనా, సిబావో వాంగ్ బృందం 2012లో పాంటోయియా అనే దోమపేగు బాక్టీరియాకు, తేలు విషంలో దొరికే స్కార్పీన్ వంటి ప్రొటీన్లను తయారుచేసి బయటికి విడిచే శక్తినిచ్చింది. ఆ బాక్టీరియాను చక్కెర నీళ్లలో కలిపి దూదితో అందిస్తే దోమలే తాగాయి. వాటి కడుపులో రాస్ కణాలు 98 శాతం దాకా తగ్గాయి. ఒక చిక్కు మిగిలింది. ఎన్ని దోమలకని చక్కెర నీళ్లు పట్టిస్తాం? 2017లో దానికీ జవాబు దొరికింది. సెరాషియా ఏఎస్1 అనే మరో బాక్టీరియా మగదోమ నుంచి ఆడదానికి సంయోగంలో అంటుకుంటుంది. గుడ్ల మీద అంటుకుని పిల్లలకూ చేరుతుంది. బోనుల్లో పెంచిన దోమల్లో కొద్దిపాటి వాటికి ఇస్తే, మూడు తరాలపాటు మొత్తం గుంపులో నిలిచింది.

మరొకటి, మనుషులు తయారుచేసింది కాదు, తనంత తానే దొరికింది. స్పెయిన్‌లోని ట్రెస్ కాంటోస్‌లో మందుల కంపెనీ జీఎస్‌కే ప్రయోగశాల ఉంది. 2014లో అక్కడ పెంచుతున్న ఒక దోమల గుంపుకు మలేరియా అంటడం మానేసింది. ప్రయోగం పాడైందని పారబొయ్యకుండా నమూనాలను గడ్డకట్టించి దాచారు. జానెత్ రోడ్రిగ్స్ బృందం తవ్వి చూస్తే, ఆ దోమల పేగుల్లో డెల్ఫ్టియా అనే బాక్టీరియా చేరి ఉంది. అది హార్మేన్ అనే రసాయనాన్ని విడిచి మలేరియా క్రిమి ఎదుగుదలను ఆపేస్తోంది. ఆ వ్యాసం 2023 ఆగస్టులో సైన్స్ పత్రికలో వచ్చింది. ఆఫ్రికాలోని బుర్కినా ఫాసోలో, పెద్ద వలల ఇంట్లో కూడా దీన్ని పరీక్షించారు. జన్యువులు మార్చిన బాక్టీరియాను మలేరియా దోమల కోసం ఆరుబయట వదిలే దశ మాత్రం ఇంకా రాలేదు.

ఇక మన డెల్టా సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు మలేరియా బరువు ఎక్కువగా పాడేరు, చింతూరు, రంపచోడవరం మన్యం మోస్తోంది. గుడివాడ, బందరు, అవనిగడ్డలకు తరతరాలుగా తెలిసిన దోమజబ్బు బోదకాలు. మాన్సన్ అమోయ్‌లో చూసిన పురుగే. మురుగు కాలవలో, గుర్రపుడెక్క కింద కదలని నీళ్లలో పెరిగే క్యూలెక్స్ దోమ దాన్ని మోస్తుంది. ఆ పురుగు పిల్లలు రాత్రిపూటే రక్తంలోకి వస్తాయి. అందుకే ఆరోగ్యశాఖ వాళ్లు అర్ధరాత్రి వేళ తలుపు కొట్టి వేలి చివర రక్తపు చుక్క తీసుకునేవారు. ఆ జబ్బుకు ఇచ్చే డీఈసీ మాత్ర మన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాలల్లో నడిపిన పరిశోధన ఫలం. రాస్ సికింద్రాబాదు చేరిన 1895లోనే ఆయన భీమవరంలో పుట్టాడు.

ఆ మాత్రలు ఇంటింటికీ పంచే రోజున గడపలో జరిగే సంభాషణ ఎవరైనా విని ఉంటారు.

"పిన్నిగారూ, నా ముందే వేసుకోవాలి. దాచిపెట్టకూడదు."

"నాకు కాలు వాచిందా, చెయ్యి వాచిందా? నాకెందుకమ్మాయ్?"

"వాచకముందే రక్తంలో ఉంటుంది పిన్నీ. దోమ మీ దగ్గర తాగి మీ మనవరాలికి ఇస్తుంది."

మనవరాలి మాట చెవిన పడ్డాక పిన్నిగారు మంచినీళ్ల గ్లాసు తెచ్చుకుంటుంది. ప్రజారోగ్యమంతా ఈ నాలుగు మాటల్లోనే ఉంది. కారణం చెబితే మనిషి ఒప్పుకుంటుంది.

క్యూలెక్స్ దోమ ఒంట్లోనూ ఒక బాక్టీరియా సహజంగానే ఉంటుంది. పేరు వోల్బాకియా. 1924లో మొట్టమొదట దాన్ని కనిపెట్టింది ఈ క్యూలెక్స్ తెగ దోమల్లోనే. రెండు ప్రాంతాల క్యూలెక్స్‌ను కలిపితే కొన్నిసార్లు గుడ్లు పొదగవు. దాని వెనక ఉన్నది ఈ బాక్టీరియానేనని 1971లో తేలింది. కారణం తెలియకముందే దాన్ని వాడినవాడు జర్మన్ శాస్త్రజ్ఞుడు లావెన్. 1967లో రంగూన్ దగ్గర ఓక్పో అనే పల్లెలో పొసగని మగదోమల్ని వదిలి, అక్కడి బోదకాలు దోమను కొద్దివారాల్లో దాదాపు లేకుండా చేశాడు. అంటే దోమ ఒంట్లోని బాక్టీరియాతో దోమజబ్బు మీద యుద్ధం మొదలైంది కూడా బోదకాలు మీదే.

ఆ తోవలోనే 1969లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి ఢిల్లీలో ఒక కేంద్రం పెట్టాయి. అమెరికా నిధులు వచ్చాయి. ఢిల్లీ చుట్టుపక్కల పల్లెల్లో క్యూలెక్స్ మగదోమల్ని వదిలి చూశారు. తర్వాత సోనేపట్‌లో మరో జాతి, ఈడిస్ మగదోమల్ని వదలాలని సిద్ధమయ్యారు. ఈడిస్ పచ్చజ్వరాన్ని మోసే దోమ. దాంతో పత్రికల్లో అనుమానాలు రేగాయి, ఇది జీవాయుధాల ప్రయోగమేమోనని. వ్యవహారం పార్లమెంటు ప్రజాపద్దుల సంఘం దాకా వెళ్లింది. 1975లో కేంద్రం మూతపడింది, సోనేపట్ దోమలు ఎగరకముందే. ఇంత పెద్ద పని ఢిల్లీ వాకిట్లో జరుగుతుంటే జనానికి ఎవరు, ఎందుకు, ఏమిటి అన్నది ముందే పూర్తిగా తెలిసి ఉంటే, ఆ భయానికి అంత చోటు ఉండేది కాదని నా నమ్మకం. ఆ కేంద్రం మూతపడ్డ మరుసటి సంవత్సరం, 1976లో, దేశంలో నమోదైన మలేరియా కేసులు 64 లక్షలు దాటాయి. డీడీటీతో 1960ల్లో లక్షకు దించిన జబ్బు, దోమలు మందుకు అలవాటుపడ్డాక తిరగబెట్టింది. కొత్త ఆయుధం కావలసిన సమయంలోనే నమ్మకం చెడింది.

ఇండోనేషియాలోని యోగ్యకర్తలో వేరే తోవ తొక్కారు. డెంగీ మోసే ఈడిస్ దోమకు వోల్బాకియా ఎక్కించి వదలడానికి ముందు కాలనీ కాలనీకీ తిరిగి చెప్పారు. ఒప్పుకున్న ఇళ్ల పెరట్లోనే గుడ్ల బకెట్లు పెట్టారు. 2021లో వచ్చిన ఫలితాల్లో ఆ ప్రాంతాల్లో డెంగీ 77 శాతం తగ్గింది. మన పుదుచ్చేరిలోని వెక్టర్ కంట్రోల్ పరిశోధన కేంద్రం కూడా 2022లో వోల్బాకియా ఉన్న ఈడిస్ దోమల్ని సిద్ధం చేసినట్టు ప్రకటించింది. వాటిలో జన్యువుల మార్పు లేదు. జన్యువులు మార్చిన బాక్టీరియాను వదలాలంటే కేంద్ర పర్యావరణ శాఖలోని జన్యు ఇంజనీరింగ్ మదింపు సంఘం అనుమతి తప్పనిసరి.

ఆ అనుమతి ఢిల్లీలో దొరికితే సరిపోదంటాను. దివిసీమలో కాలవ, చెరువు, చేను ఒకే నీటితో ముడిపడి ఉంటాయి. పైన గుడివాడ మురుగు కాలవల్లో కలిసింది కింద సముద్రపు పాయల్లో తేలుతుంది. సెరాషియా జాతిలో మనుషులకు జబ్బు చేసేవీ ఉన్నాయి. బాక్టీరియా ఒకదాని జన్యువు ఇంకొకటి పుచ్చుకోగలదు. తెల్లమచ్చల వైరస్ 1990ల్లో రొయ్యల చెరువులు తుడిచిపెట్టినప్పుడు అప్పులపాలైన రైతు ఈ ప్రశ్నలు అడక్కుండా ఉండడు, ఉండకూడదు కూడా. అడిగినంత మాత్రాన ఆయన సైన్సుకు శత్రువు కాడు.

అమోయ్ తోటమాలి, లచ్మన్, హుస్సేన్ ఖాన్, వీళ్ల ఒళ్లు లేకుండా ఈ శాస్త్రం లేదు. వాళ్లకు అణాలు ముట్టాయేమో గానీ, ఈ ప్రయోగం చెయ్యాలా వద్దా అన్న చోట వాళ్లకు మాట లేదు. నూట పాతికేళ్ల తర్వాత ఆ మాట మనకు ఉండితీరాలి. ఈ విద్య మన్యంలో పసిపిల్లల ప్రాణాలు కాపాడగలదని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను. అందుకే ఢిల్లీలో జరిగింది మళ్లీ జరగకూడదని కోరుకుంటున్నాను.

రేపు ఎవరైనా సీసాతో మీ ఊరు వస్తే భయపడి తలుపు మూయకండి, ఊరికే సంతకమూ పెట్టకండి. గ్రామసభ పెట్టమనండి. కాగితం తెలుగులో ఇమ్మనండి. ఏ జన్యువు ఎక్కించారు, అది మన చెరువుల్లోకి వస్తే ఏమవుతుంది, వద్దనుకుంటే వెనక్కి తీసుకోగలరా, నష్టం వస్తే ఎవరు భరిస్తారు, ఇవి అడగండి. సరైన జవాబు వస్తే మీ పెరట్లో చోటివ్వండి. అందాకా శుక్రవారం శుక్రవారం నీళ్ల తొట్లు బోర్లించండి. చలిజ్వరం వస్తే రక్త పరీక్ష చేయించుకోండి. ఆశా కార్యకర్త మాత్ర ఇచ్చిన రోజున ఆ అమ్మాయి ముందే మింగండి.